రాయి నుంచి లిథియం: గని కన్నా బట్టీ దగ్గరే అసలు పని

బెజవాడ రోడ్ల మీద తిరిగే ఒక ఎలక్ట్రిక్ ఆటోను లెక్కలోకి తీసుకుందాం. బ్యాటరీ 8 కిలోవాట్ అవర్లది అనుకుంటే, లిథియం కార్బొనేట్ అనే ఉప్పు లెక్కన అందులోకి దాదాపు 5 కిలోల సరుకు వెళ్తుంది. ఆ 5 కిలోలు తియ్యాలంటే 6 శాతం లిథియం ఆక్సైడ్ ఉన్న స్పోడ్యూమిన్ అనే లిథియం ఖనిజపు పొడి 38 కిలోలు కావాలి. ఆ పొడికి గనిలోంచి రావలసిన రాయి 270 కిలోలు. రాయిలో లిథియం ఆక్సైడ్ 1.2 శాతం ఉండి, అందులో 70 శాతం మిల్లులో చేతికొస్తుందని వేసుకున్న లెక్క ఇది. ఆ రాయిని చేరడానికి పక్కకు తోసే మట్టి, వట్టి రాయి ఇందులో లేవు.

రాయి, పొడి, ఉప్పు. మూడు అంచెలు. పత్రికల్లో పతాక శీర్షికలన్నీ మొదటి అంచె చుట్టూనే తిరుగుతాయి: ఫలానా కొండలో ఇన్ని లక్షల టన్నులు దొరికాయట అని. కానీ నేర్పు, ఖర్చు, కాలుష్యం, ధర మీద పట్టు అన్నీ పొడిని ఉప్పుగా మార్చే దగ్గరే ఉన్నాయి. రాయి ఉన్న దేశాలు కూడా అక్కడే తడబడుతున్నాయి. గనికీ బ్యాటరీకీ మధ్యనున్న ఆ అంచె ఎలా నడుస్తుందో తెలిస్తే, కృష్ణా గుంటూరు ప్రాంతం లాంటి లిథియం రాయి లేని చోట ఈ వ్యవహారంలో ఏం సాధ్యమో, దానికి ఏం ఖర్చవుతుందో లెక్క తేలుతుంది.

ఇంద్రకీలాద్రిలో ఎందుకు ఉండదు

లిథియం అంత అరుదైన మూలకమేమీ కాదు. భూమి పైపొరలో సగటున పది లక్షల పాళ్లలో 20 పాళ్లు ఉంటుంది. చిక్కల్లా అది ఒకచోట పోగుపడకపోవడమే. కరిగిన గ్రానైట్ చల్లారేటప్పుడు ముందుగా ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, అభ్రకం గడ్డకడతాయి. వాటి స్ఫటికాల్లో ఇమడని లిథియం, సీజియం, టాంటలం లాంటివి మిగిలిన కాస్త ద్రవంలోకి చేరుతూ పోతాయి. ఆ మిగులు ద్రవం చుట్టుపక్కల రాళ్ల పగుళ్లలోకి దూరి, పెద్ద పెద్ద స్ఫటికాలుగా గట్టిపడితే దాన్ని పెగ్మటైట్ అంటారు. అమెరికాలో సౌత్ డకోటాలోని ఎట్టా గనిలో 12 మీటర్లు దాటిన స్పోడ్యూమిన్ స్ఫటికం బయటపడింది.

లిథియం మొదటిసారి దొరికింది కూడా రాయిలోనే. 1817లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త యోహాన్ ఆగస్ట్ ఆర్ఫ్‌వెడ్‌సన్, ఊటో ద్వీపంలోని గని నుంచి వచ్చిన పెటలైట్ అనే ఖనిజాన్ని పరీక్షిస్తుంటే లెక్క కుదరక, అందులో తెలియని క్షార లోహం ఒకటి ఉందని తేల్చాడు. ఇవాళ వ్యాపారానికి పనికొచ్చే లిథియం ఖనిజాల్లో ముఖ్యమైనవి మూడు. స్పోడ్యూమిన్‌లో స్వచ్ఛంగా ఉంటే 8 శాతం లిథియం ఆక్సైడ్ ఉంటుంది. పెటలైట్‌లో 5 శాతం లోపు. మూడోది లెపిడొలైట్, గులాబీ ఊదా రంగుల్లో మెరిసే ఒక రకం అభ్రకం. మార్కెట్టును నడిపేది మాత్రం స్పోడ్యూమినే.

విజయవాడ చుట్టూ ఉన్న కొండలు ఈ కోవకు రావు. ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం కొండల్లో ఉన్నది ఎక్కువగా ఖోండలైట్. పాత భూగర్భ శాస్త్ర రచనల్లో దీన్ని బెజవాడ నైస్ అని రాసేవారు. తూర్పు కనుమల ఈ రాళ్లు భూమి లోతుల్లో 800 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ వేడిని చూసి, నీటి అంశం దాదాపు ఇగిరిపోయి మిగిలినవి. లిథియం లాంటి చంచల మూలకాలు అంత వేడిలో ద్రవాలతో పాటు ఎప్పుడో పైకి వెళ్లిపోతాయి. లిథియం పెగ్మటైట్లు సాధారణంగా అంతకన్నా తక్కువ వేడి చూసిన పాత శిస్టు రాళ్ల పట్టీల్లో ఉంటాయి. నెల్లూరు వైపు గూడూరు, సైదాపురం, రాపూరు చుట్టూ పెగ్మటైట్లు బోలెడు ఉన్నాయి. అభ్రకానికి ఒకప్పుడు అవి పేరుపడ్డాయి. అయితే పెగ్మటైట్ ఉన్నంత మాత్రాన లిథియం ఉన్నట్టు కాదు. వందల పెగ్మటైట్లలో ఏ కొన్నిటికో ఆ యోగం పడుతుంది.

వార్తలో టన్నులు, గనిలో టన్నులు

కర్ణాటకలో మండ్య జిల్లా మార్లగళ్ల దగ్గర నిజంగానే స్పోడ్యూమిన్ పెగ్మటైట్ ఉంది. 2020 ఫిబ్రవరిలో అక్కడ 14,100 టన్నుల లిథియం ఉండొచ్చన్న అంచనా వార్తల్లోకి ఎక్కింది. హైదరాబాద్ బేగంపేటలో ప్రధాన కార్యాలయం ఉన్న అణు ఖనిజాల సంస్థ, ఏఎండీ, మరుసటి ఏడాది చెప్పిన సంఖ్య 1,600 టన్నులు. అదీ ఊహాత్మక వర్గంలో, అంటే తక్కువ నమ్మకంతో వేసిన అంచనా. పోల్చుకోవడానికి పశ్చిమ ఆస్ట్రేలియాలోని గ్రీన్‌బుషెస్ గనిని చూడండి. 1888లో తగరం కోసం మొదలైన ఆ గని ఇప్పుడు ఏడాదికి 13, 14 లక్షల టన్నుల స్పోడ్యూమిన్ పొడి తీస్తోంది. మార్లగళ్లలో ఉందంటున్న మొత్తం లిథియం, గ్రీన్‌బుషెస్ పొడిలో దాదాపు పదిహేను రోజుల్లో బయటికి పోయే లిథియంతో సమానం.

2023 ఫిబ్రవరిలో జమ్మూ కశ్మీర్‌లోని రియాసి జిల్లా సలాల్ హైమనా ప్రాంతంలో 59 లక్షల టన్నులు అని కేంద్రం ప్రకటించినప్పుడు దేశమంతా పండగ చేసుకుంది. ఆ 59 లక్షలు ముడి ఖనిజం బరువు, లోహం బరువు కాదు. అందులో పది లక్షల పాళ్లకు 800 పాళ్ల లిథియం ఉందనుకుంటే లోహం 4,700 టన్నులకు కాస్త పైన తేలుతుంది. పైగా అది స్పోడ్యూమిన్ కాదు. బాక్సైట్, బంకమట్టి తరహా రాయి. అలాంటి దాన్నుంచి వాణిజ్య స్థాయిలో లిథియం తీసే పద్ధతి ప్రపంచంలో ఇంకా స్థిరపడలేదు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తవ్వకం మొదలుకాకముందే ఎగుమతుల గురించి చర్చలు నడిచాయి. వేలానికి పెడితే కావలసినంత మంది అర్హులైన బిడ్డర్లు రాక, 2024 మార్చిలో రద్దయింది. ఛత్తీస్‌గఢ్ కోర్బా జిల్లాలోని కట్‌ఘోరా బ్లాకు మాత్రం 2024 జూన్‌లో వేలంలో పోయింది. దేశంలో లిథియం గని అన్నది ఇంకా ఒక్కటీ నడవడం లేదు.

అందుకే గని వార్త చదివేటప్పుడు టన్నులు తర్వాత. ముందు చూడాల్సింది ఏ ఖనిజం, ఎంత శాతం, ఏ స్థాయి అన్వేషణ అన్న మూడింటినే.

రాయి నుంచి పొడి

ఈ అంచె పాతదే, తెలిసిందే. రాయిని పగలగొట్టి నలుపుతారు. స్పోడ్యూమిన్ సాంద్రత 3.1 నుంచి 3.2. పలుగురాయి, ఫెల్డ్‌స్పార్‌లది 2.65 దగ్గర. ఫెర్రోసిలికాన్ పొడి కలిపి చిక్కబరిచిన నీళ్లలో ముక్కల్ని వేస్తే తేలికవి తేలతాయి, స్పోడ్యూమిన్ మునుగుతుంది. స్ఫటికాలు చిన్నవైతే ఇది పనిచెయ్యదు. అప్పుడు మెత్తగా రుబ్బి, కొవ్వు ఆమ్లాలు కలిపి, గాలి బుడగలు ఊది, నురగతో పాటు స్పోడ్యూమిన్‌ను పైకి తేల్చి తోడతారు. అభ్రకాన్ని దానికి ముందే తీసేస్తారు. ఇనుము ఉన్న రేణువుల్ని అయస్కాంతాలతో లాగేస్తారు.

ఇక్కడ పడే నష్టం చిన్నది కాదు. రాయిలోని లిథియంలో పాతిక నుంచి ముప్పై శాతం ఈ మిల్లులోనే చెత్తతో పోతుంది. 6 శాతం పొడి అన్నది చాలాకాలం వ్యాపారంలో ప్రమాణంగా నడిచింది. ఈమధ్య 5.5కీ అంతకన్నా కిందకీ దిగి అమ్ముతున్నారు, గనిలో ఎక్కువ లిథియం చేతికొస్తుందని. గనివాడికి అది లాభం. కొన్నవాడి బట్టీకి మాత్రం అదనపు మట్టి.

బట్టీ

చేతికొచ్చిన పొడిని నేరుగా యాసిడ్‌లో వేస్తే ఏమీ జరగదు. ప్రకృతిలో దొరికే స్పోడ్యూమిన్‌ను ఆల్ఫా రూపం అంటారు. అందులో పరమాణువులు ఎంత బిగుతుగా పేర్చి ఉంటాయంటే, మరిగే సల్ఫ్యూరిక్ యాసిడ్ కూడా లిథియం దాకా వెళ్లలేదు. దాన్ని 1,050 నుంచి 1,100 డిగ్రీల దాకా వేడి చేస్తే బీటా రూపంలోకి మారుతుంది. రసాయన సూత్రం అదే, అమరిక వేరు. సాంద్రత 3.15 నుంచి 2.4కి పడిపోతుంది, పరిమాణం 30 శాతం దాకా పెరుగుతుంది. మంగలంలో పేలిన పేలాల్లా గింజ లోపలి నుంచి విచ్చుకుని, వేళ్ల మధ్య నలిగేంత పెళుసుగా అవుతుంది. లిథియం తిరిగే దారులు తెరుచుకుంటాయి.

చెప్పడానికి ఒక్క వాక్యం. నడపడానికి మాత్రం ఇదే అన్నిటికన్నా టెన్షన్ పెట్టే చోటు.

ఈ పనికి వాడే బట్టీ పల్నాడు వాళ్లకు కొత్త కాదు. దాచేపల్లి, మాచర్ల, ఇటు జగ్గయ్యపేట సిమెంట్ ఫ్యాక్టరీల్లో ఉండే రోటరీ కిల్నే. పొడవాటి ఇనుప గొట్టం, లోపల అగ్గి ఇటుకల వరస, కాస్త వాలుగా పడుకుని నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. పైచివర సరుకు వేస్తారు, కింది చివర మంట. సరుకు దొర్లుతూ మంట వైపు దిగుతుంది, వేడిగాలి ఎదురుగా పైకి పోతుంది. సిమెంట్‌కు 1,450 డిగ్రీలు కావాలి, దీనికి అంత అక్కర్లేదు. కాబట్టి తేలికేగా అనిపిస్తుంది. తేడా వేరేచోట ఉంది. సిమెంట్ కిల్న్‌లో సరుకులో కొంత భాగం కరగాలి. అప్పుడే క్లింకర్ గడ్డ కడుతుంది, ఇటుకల మీద పలచని పూత పడి వాటికి రక్షణ అవుతుంది. కిల్న్ నడిపేవాడు కోరుకునేదే ఆ కరుగుదల. స్పోడ్యూమిన్ కిల్న్‌లో అదే శత్రువు.

పొడిలో ఎంతో కొంత ఫెల్డ్‌స్పార్, అభ్రకం మిగిలే ఉంటాయి. స్పోడ్యూమిన్ మారాల్సిన వేడికే అవి మెత్తబడి జిగురు అవుతాయి. జిగురు గోడకు పట్టి, దానికి ఇంకొంత పొడి అంటుకుని, గొట్టం లోపల వలయంలా పేరుకుంటుంది. సిమెంట్ వాళ్ల మాటలో చెప్పాలంటే రింగ్ పడుతుంది. రింగ్ పెరిగితే సరుకు ఆగుతుంది, కిల్న్ ఆపి చల్లార్చి పగలగొట్టాలి. వేడి పెంచితే గింజల చుట్టూ గాజులాంటి పొర వచ్చి లోపల లిథియం బందీ అవుతుంది. తగ్గిస్తే ఆల్ఫా మిగిలిపోయి యాసిడ్‌కు లొంగదు. పనికొచ్చే వేడి పరిధి నూరు డిగ్రీల వెడల్పు కూడా ఉండదు. ఫ్లోటేషన్‌లో, అంటే నురగతో తేల్చినప్పుడు, వచ్చిన పొడి మరీ మెత్తన కావడంతో ఎదురుగాలికి కొట్టుకుపోతుంది. సైక్లోన్లు అనే ధూళి పట్టే గొట్టాలు పెట్టి దాన్ని పట్టి మళ్లీ లోపలికి తోలాలి. ఒక గని పొడికి కుదిరిన మంట, ఇంకో గని పొడికి కుదరకపోవచ్చు. పొడి మారినప్పుడల్లా మళ్లీ మొదటికి రావడమే.

ఇదంతా కాగితం మీద నేర్చుకునే విద్య కాదు. చైనా పైచేయి వెనక ముప్పై, నలభై ఏళ్లుగా వరసగా బట్టీలు నడిపిన అనుభవం ఉంది. ఖనిజం అక్కడ ఎంతుందన్నది తర్వాతి మాట.

యాసిడ్, సున్నం, సోడా

చల్లార్చి మళ్లీ రుబ్బిన బీటా పొడికి గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్ పట్టించి 250 డిగ్రీల దగ్గర వేయిస్తారు. యాసిడ్‌లోని హైడ్రోజన్ లోపలికి వెళ్తుంది, లిథియం బయటికొస్తుంది. మిగతా అల్యూమినియం, సిలికా చట్రం దాదాపు కదలకుండా ఉంటుంది. ఆ ముద్దలో నీళ్లు పోస్తే లిథియం సల్ఫేట్ కరిగి వస్తుంది. 1950లో అమెరికాలో ఎలస్టాడ్, ల్యూట్ అనే ఇద్దరు దీనికి పేటెంట్ తీసుకున్నారు. డెబ్బై ఐదేళ్లు గడిచినా ప్రపంచంలోని స్పోడ్యూమిన్ ఫ్యాక్టరీల్లో ఎక్కువ భాగం ఇదే దారిలో నడుస్తున్నాయి.

తర్వాత శుద్ధి. మిగులు యాసిడ్‌ను సున్నపురాయి పొడితో చంపుతారు. ఇనుము, అల్యూమినియం అక్కడే అడుగుకు దిగుతాయి. సున్నం వేసి క్షార గుణం పెంచితే మెగ్నీషియం పోతుంది. సున్నంతో వచ్చిన కాల్షియంను కొంచెం సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వేసి తీసేస్తారు. పిడుగురాళ్ల సున్నం బట్టీలు ఏళ్ల తరబడి పంచదార మిల్లులకీ ఫ్యాక్టరీలకీ అమ్మే సరుకే ఇక్కడా కావలసింది, కాకపోతే మెగ్నీషియా తక్కువున్న రకం.

చివరగా ద్రావణాన్ని 90 డిగ్రీల పైన ఉంచి సోడా యాష్ నీళ్లు కలుపుతారు. లిథియం కార్బొనేట్‌ది వింత గుణం. మామూలు ఉప్పులు వేడి నీళ్లలో బాగా కరుగుతాయి కదా, ఇది ఉల్టా. చల్లటి నీళ్లలో వంద మిల్లీలీటర్లకు ఒకటిన్నర గ్రాము కరిగితే, మరిగే నీళ్లలో అందులో సగమే. అందుకే వేడి మీదే తెల్లగా విరిగి అడుగుకు దిగుతుంది, వేడి మీదే వడగట్టాలి. వేడి నీళ్లతోనే కడగాలి, లేకపోతే కడిగిన నీళ్లతో సరుకే పోతుంది. బ్యాటరీకి 99.5 శాతం స్వచ్ఛత కావాలి. ఆ మిగిలిన అర శాతంలో సోడియం ఎంత, ఇనుము ఎంత, అయస్కాంతానికి అంటుకునే రేణువులు ఎన్ని అన్నది సెల్ ఫ్యాక్టరీ వాళ్లు పట్టుబట్టి చూస్తారు. తేలకపోతే కార్బొనేట్‌ను మళ్లీ నీళ్లలో కలిపి బొగ్గుపులుసు వాయువు ఊది బైకార్బొనేట్‌గా కరిగించి, వడగట్టి, వేడిచేసి మళ్లీ దింపుతారు. లిథియం హైడ్రాక్సైడ్ కావాలంటే సోడా యాష్‌కు బదులు కాస్టిక్ సోడా వేసి, చల్లబరిచి సోడియం సల్ఫేట్‌ను తీసేసి, మిగిలిన నీటిని ఇగర్చాలి. కొత్తగా పెట్టే ఫ్యాక్టరీలు మొదటి ఏళ్లలో టన్నులు తీస్తాయి. ఆ టన్నులు బ్యాటరీ గ్రేడు అని కొనేవాడితో ఒప్పించుకోవడానికి ఇంకా నెలలు పడుతుంది.

రాయి ఉన్నవాళ్ల అవస్థ

ప్రపంచంలో అత్యధికంగా లిథియం తవ్వేది ఆస్ట్రేలియా, దాదాపు అంతా స్పోడ్యూమినే. ఆ పొడిలో సింహభాగం ఓడల్లో చైనాకు వెళ్తుంది. శుద్ధి చేసిన లిథియం రసాయనాల్లో మూడింట రెండు వంతుల దాకా చైనా వాటా. ఈ మధ్య అంచెను తామే పెట్టుకుందామని ఆస్ట్రేలియా ప్రయత్నించకపోలేదు. పెర్త్ దగ్గర క్వినానాలో చైనా కంపెనీ టియాంచీ వాళ్ల హైడ్రాక్సైడ్ ఫ్యాక్టరీ 2021లో ఉత్పత్తి మొదలుపెట్టింది. సామర్థ్యం ఏడాదికి 24,000 టన్నులు. ఏళ్లు గడిచినా ఆ స్థాయిని అందుకోలేక ఆపసోపాలు పడింది. రెండో లైను కట్టే ఆలోచనను 2025 జనవరిలో పూర్తిగా వదిలేశారు. అదే రాష్ట్రంలోని కెమర్టన్‌లో అమెరికా కంపెనీ ఆల్బమార్ల్ 2024లో విస్తరణ ఆపి, కట్టిన లైన్లలో ఒకదాన్ని పక్కన పెట్టింది. పక్కనే ప్రపంచంలోకెల్లా మేలైన గని, డబ్బుకు లోటు లేని కంపెనీలు, గ్రీన్‌బుషెస్ నుంచి వచ్చేది మంచి పొడి. అయినా ఇదీ పరిస్థితి.

ధర ఇంకో దెబ్బ. 2022 నవంబరులో చైనాలో లిథియం కార్బొనేట్ టన్ను 6 లక్షల యువాన్‌లకు చేరువైంది. ఏడాది తిరిగేసరికి లక్ష దగ్గరకొచ్చింది, 2025 మధ్యలో 60,000 దగ్గర కొట్టుమిట్టాడింది. పదోవంతు. గుంటూరు మిర్చి యార్డులో ధరల ఊగిసలాట చూసినవాళ్లకు కూడా ఇది కళ్లు తిరిగే పతనమే. పై ధర చూసి లెక్కలు వేసుకున్న ప్రాజెక్టులన్నీ కింది ధర దగ్గర బోర్లాపడ్డాయి. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రంలో కింగ్స్ మౌంటెన్ స్పోడ్యూమిన్ గనులు ఒకప్పుడు ప్రపంచానికి లిథియం ఇచ్చాయి. చిలీలో ఉప్పు సరస్సుల నీటిని ఎండకు ఆరబెట్టి చవగ్గా తియ్యడం మొదలయ్యాక, 1990ల చివరికి అవీ మూతపడ్డాయి. బ్యాటరీల గిరాకీ వచ్చాకే రాయికి మళ్లీ రోజులొచ్చాయి.

జింబాబ్వే 2022 డిసెంబరులో ముడి లిథియం రాయి ఎగుమతిని నిషేధించింది, మా దేశంలోనే శుద్ధి చెయ్యండని. నిషేధం ఒక్క జీవోతో వస్తుంది. బట్టీ, యాసిడ్, నిరంతర కరెంటు అలా రావు.

ఇక్కడ పెడితే

కేంద్రం 2023లో గనుల చట్టాన్ని సవరించి లిథియంను అణు ఖనిజాల జాబితా నుంచి తీసేసింది. అప్పటిదాకా ప్రైవేటు వాళ్లు ముట్టుకునే వీలు లేదు. 2025 జనవరిలో 16,300 కోట్ల రూపాయల ఖర్చుతో జాతీయ కీలక ఖనిజాల మిషన్‌కు కేబినెట్ ఆమోదం ఇచ్చింది. అందులో ఖనిజ శుద్ధి పార్కులు పెట్టే ఆలోచన ఒకటి. తిరుపతిలో మునోత్ లిథియం సెల్స్ ఫ్యాక్టరీ పెట్టింది, మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో అమరరాజా భారీ ఎత్తున కడుతోంది. వీటన్నిటికీ లిథియం ఉప్పు దిగుమతే ఆధారం. మధ్య అంచె ఖాళీగా ఉంది.

ఆ అంచెకు కృష్ణా, గుంటూరు, పల్నాడు ప్రాంతంలో కొన్ని సానుకూలతలున్నాయి. సున్నపురాయికి కొదవ లేదు. కిల్న్ నడపడం, రింగ్ పగలగొట్టడం, ఇటుకలు మార్చడం తెలిసిన ఫోర్‌మన్లు, ఫిట్టర్లు రెండు తరాలుగా ఉన్నారు. కృష్ణపట్నం రేవు నుంచి పొడి తెచ్చుకోవచ్చు. విశాఖ ఎరువుల ఫ్యాక్టరీలో సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారవుతుంది. సోడా యాష్ మాత్రం ఎక్కువగా గుజరాత్ నుంచే రావాలి. ఇది చిన్న చిక్కు కాదు, టన్ను కార్బొనేట్‌కు 1.43 టన్నుల సోడా యాష్ కాగితం లెక్కకే అవుతుంది.

ఇప్పుడు రెండో వైపు. ఏడాదికి 20,000 టన్నుల కార్బొనేట్ తీసే ఒక మోస్తరు ఫ్యాక్టరీ అనుకుందాం. లోపలికి వచ్చే పొడి 1.6 లక్షల టన్నులు. లిథియం పోయాక మిగిలే తెల్లటి మట్టి బరువు దాదాపు అంతే, తడి, జిప్సం కలిస్తే ఇంకా ఎక్కువ. అంటే పాతిక టన్నుల లారీలు రోజూ కనీసం పద్ధెనిమిది ఆ ఫ్యాక్టరీ గేటు దాటి ఎక్కడికో వెళ్లి ఖాళీ అవ్వాలి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిదతో ఏళ్లుగా కాపురం చేస్తున్న ఊళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పనక్కర్లేదు. ఊరటనిచ్చే సంగతి ఒకటుంది. ఈ మట్టి అల్యూమినో సిలికేట్. బూడిద లాగే సిమెంట్‌లో, కాంక్రీట్‌లో కలపడానికి పనికొస్తుందని ఆస్ట్రేలియాలో పరిశోధనలు చూపించాయి. అయితే అందులో మిగిలిన సల్ఫేట్‌ను ముందు తగ్గించాలి. సిమెంట్ ఫ్యాక్టరీ పక్కనే ఉండటం అప్పుడు వట్టి భౌగోళిక సంగతి కాకుండా డబ్బు లెక్క అవుతుంది.

దానికన్నా మొండిది సోడియం సల్ఫేట్. యాసిడ్‌లోని సల్ఫేట్, సోడాలోని సోడియం కలిసి, టన్ను కార్బొనేట్‌కు 1.92 టన్నులు పుడుతుంది. రసాయన సమీకరణం నుంచి తప్పించుకునే దారి లేదు. 20,000 టన్నుల ఫ్యాక్టరీకి ఏడాదికి 38,400 టన్నులు. డిటర్జెంట్ పొడులకీ, గాజుకీ, కాగితానికీ కొంటారు, కానీ చౌక సరుకు. ఎండబెట్టడానికి పెట్టిన ఆవిరి ఖర్చు కూడా ఒక్కోసారి రాదు. ఎండబెట్టకుండా నీళ్లతో వదలడం కృష్ణా కాలువల కింద సాగు ఉన్నచోట కుదిరే పని కాదు. ఉప్పు నీరు పడిన పొలం మళ్లీ కోలుకోవడానికి ఎన్నేళ్లు పడుతుందో డెల్టా చివరి భూముల రైతులకు బాగా తెలుసు.

బొగ్గు మంటతో 1,050 డిగ్రీలు తెచ్చినప్పుడు వచ్చే పొగ లెక్క వేరు. చైనా స్పోడ్యూమిన్ దారిలో టన్ను ఉప్పుకు 15 టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ అన్న అంచనాలున్నాయి. ఎలక్ట్రిక్ బండి ఆ అప్పును రోడ్డు మీద తీర్చేస్తుంది, ఆ కరెంటు బొగ్గుది అయితే కాస్త ఆలస్యంగా.

లెపిడొలైట్ దారి పట్టినవాళ్ల అనుభవం ఇంకా చేదు. చైనాలో ఇచున్ చుట్టూ ఆ అభ్రకం నుంచే తీస్తారు. అందులో ఫ్లోరిన్ ఉంటుంది, శాతం తక్కువ కాబట్టి టన్ను ఉప్పుకు నూరు టన్నులు దాటి రాయి తవ్వాలి. 2022 నవంబరులో అక్కడి నదిలో నీటి నాణ్యత మీద విచారణ కోసం కొన్ని లిథియం ఫ్యాక్టరీల్ని ఆపించారు.

సల్ఫేట్ బెడద లేని పద్ధతి ఒకటి ఫిన్లండ్‌లో రూపుదిద్దుకుంటోంది. కెలిబర్ ప్రాజెక్టులో బీటా స్పోడ్యూమిన్‌ను యాసిడ్‌కు బదులు సోడా యాష్ నీళ్లతో ఆటోక్లేవ్ అనే మూత బిగించిన పాత్రలో, 200 డిగ్రీల పైన, ఒత్తిడి కింద ఉడికిస్తారు. సోడియం లోపలికి, లిథియం కార్బొనేట్‌గా బయటికి. మిగిలేది అనాల్సిమ్ అనే ఖనిజం, సోడియం సల్ఫేట్ ఊసే ఉండదు. సున్నం వేసి హైడ్రాక్సైడ్‌గా మారుస్తారు, ఆ మెట్టులో కావలసింది పిడుగురాళ్ల సరుకే. బట్టీ మాత్రం అక్కడా తప్పలేదు, ఆల్ఫాను బీటా చెయ్యాల్సిందే.

ఇంకో దారి విజయవాడ ఆటోనగర్‌ది. పాత బ్యాటరీలు విప్పి, నలిపి, ఆ నల్లపొడి నుంచి లిథియం తీస్తే 1,050 డిగ్రీల మెట్టే ఉండదు. లెడ్ బ్యాటరీల తుక్కు ఎప్పట్నుంచో అక్కడ చేతులు మారుతూనే ఉంది కాబట్టి సేకరించే గొలుసు కొత్తగా కట్టక్కర్లేదు. ఇప్పటికి ఆ పొడి టన్నుల్లో రావడం లేదు. ఇవాళ రోడ్డెక్కిన ఈ-ఆటోల బ్యాటరీలు అరిగిపోయేదాకా ఆగాలి. లిథియం బ్యాటరీని లెడ్ బ్యాటరీలా సుత్తితో విప్పితే మంట లేస్తుంది. పూర్తిగా డిశ్చార్జి చెయ్యడం, ఉప్పు నీళ్లలో ముంచడం, సెల్ సెల్‌కూ వోల్టేజీ చూడటం లాంటి పనులు షెడ్డు షెడ్డుకూ నేర్పాలి. అది కిల్న్ కట్టడం కన్నా చవక, ఇప్పుడే మొదలుపెట్టడానికి ఏ గని వేలమూ అడ్డు కాదు.